ప్రయాణికుని ఎంపిక – పంచాయతీ లెక్క

మోమిన్‌పేట్ నుండి వికారాబాదుకు పోవలసిన వాని యెదుట నేడు పలు సాధనములు కలవు: ఆర్టీసీ బస్సు, ఆటో, సొంత మోటారు సైకిలు. వీనిలో దేనిని, ఏల ఎన్నుకొనును? బస్సు కోరుచు తీర్మానము చేయుటకు ముందు మనము ఈ ప్రశ్న వేసికొనవలెను.

దీనికి లెక్క కట్టు మార్గము చూపినవాడు అమెరికా ఆర్థికశాస్త్రవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్. అందులకు 2000లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ఖర్చు, ప్రయాణ కాలము, నిరీక్షణ, నడక – వీని నన్నింటిని తూచియే మనిషి సాధనమును ఎన్నుకొనును. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున కొత్త రైలు నడిచినపుడు, పనికి పోవువారిలో నూటికి 15 మంది ఎక్కుదురని అధికారుల అంచనా. ఆయన లెక్క 6.3, నిజముగా ఎక్కినవారు 6.2.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము ఆరంభమైనది. ఖర్చు తీరినను నిరీక్షణ తీరదు. బస్సు వేళ కుదరనిచో కూలికి పోవు స్త్రీ డబ్బిచ్చి ఆటోయే ఎక్కును.

ఈ శాస్త్రమున ఒక ప్రసిద్ధ ఉదాహరణము కలదు. ఎర్ర బస్సు వెంటనే నీలి బస్సు నడిపినచో, బస్సెక్కువారే రెంటిలోను సర్దుకొందురు. సొంత బండి గలవాడు దిగి రాడు. కావున ఉన్న బస్సు వేళకే మరియొకటి కోరుట కంటె, బస్సు లేని వేళకు కోరుట మేలు.

“బస్సు వేసిన ఎక్కుదురా?” అని అడిగిన అందరును ఔననియే అందురు. అట్లు గాక, గడచిన వారము ఎవరు, ఏ వేళ, దేనిలో, ఎంతసేపు వేచి, ఎంత చెల్లించి పోయిరో ఇంటింట విచారించి వ్రాయవలెను. ఆ పట్టికను తీర్మానమునకు జతపరచి డిపో మేనేజరుకు పంపినచో మన కోరికకు బలము చేకూరును.