ఎండయు మేనిచాయయు

తూర్పు కనుమల నడుమ నున్న రంపచోడవరము చుట్టుపట్ల గ్రామములలో కొండరెడ్లు తరతరములుగా నివసించుచున్నారు. కొండవాలులయందు పోడుచేలలో పనిచేయువారికి పగలెల్ల ఎండయే. వారి మేను నల్లనిది. ఆ నలుపును కొందరు లోపముగా నెంచుదురు. నిజమునకు అది శరీరమునకు ప్రకృతి పట్టిన గొడుగు.

సూర్యకాంతిలో మన కన్నులకు కానరాని కిరణములు కొన్ని కలవు. ఇంద్రధనుస్సులో ఊదారంగునకు ఆవల నుండుటచే వానికి అతినీలలోహిత కిరణములని పేరు. 1801వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు రిట్టరు వీనిని కనుగొనెను. ఇవి చర్మకణములలో చొచ్చి, కేంద్రకమునందలి డి.ఎన్.ఎ.ను దెబ్బతీయును. డి.ఎన్.ఎ. యనగా కణము నడువవలసిన తీరును తెలుపు వ్రాత వంటిది. కిరణములు తాకినప్పుడు అందు ప్రక్కప్రక్కనున్న భాగములు ఒకదాని కొకటి అతుకుకొని వ్రాత చెదరును. కణము ఆ చెడిన భాగమును కత్తిరించి క్రొత్తదానిని చేర్చుకొనును. బాగుచేయ వీలుకానిచో తానే నశించును. అట్లుగాక తప్పులు మిగిలి, ఏండ్ల తరబడి పోగుపడినచో చర్మమునకు కాన్సరు రావచ్చును.

ఈ కీడును తగ్గించునది మెలనిను అను రంగుపదార్థము. ఇది కణకేంద్రకముపై టోపివలె నిలిచి కిరణములను పీల్చుకొనును. ఎండ హెచ్చిన కొలది చర్మము మెలనినును మరింతగా తయారుచేయును. పుట్టుకతోనే మెలనిను లేనివారి చర్మము కొద్దిపాటి ఎండకే కమలిపోవును.

రక్తవృద్ధికిని, గర్భమందలి శిశువు పెరుగుదలకును ఫోలేటు అను విటమిను అవసరము. దాని రూపమగు ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రజ్ఞులకు నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరమున జన్మించెను. మానవ రక్తరసములోని ఫోలేటు ఎండను బోలిన కాంతికి నశించునని 1978లో బ్రాండా, ఈటన్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. ఎండ హెచ్చుగా గల దేశముల ప్రజలకు నల్లని మేను ఏర్పడుటకు ఇదియు నొక కారణమై యుండునని వారు తలచిరి.

అట్లని ఎండ మనకు శత్రువు కాదు. ఎముకలకు బలమిచ్చు డి విటమిను ఈ కిరణముల వలననే చర్మములో తయారగును. అయినను, గొడుగు పట్టినను జల్లు కొంత తగులునట్లే, నల్లని మేను కిరణముల నన్నింటిని ఆపజాలదు. ఎత్తైన కొండలపై వాని తీవ్రత హెచ్చు. పలుచని మబ్బును దాటియు అవి వచ్చును. కావున మిట్టమధ్యాహ్నమున తలపాగయు, నిండు బట్టయు, చెట్టునీడయు అందరికిని మేలు. చాయను బట్టి ఒకరిని మెచ్చుటయు, మరియొకరిని చిన్నచూపు చూచుటయు ఎవరికిని తగదు.