శీతకాలపు గోడయు శిశువుల చేతులును

డిసెంబరు మాసము ప్రవేశించుటతోడనే మన తీరగ్రామములలోని బడులును శిశుశాలలును గోడలకు వెల్లవేయించుకొని పండుగలకు సిద్ధమగును. క్రిస్మసు గడచిన మూడు వారములకే సంక్రాంతి వచ్చును. ఈ రెండు పండుగల నడిమి కాలము మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకుగల బిడ్డలకు చేతిపని నేర్పుటకు మిక్కిలి యనుకూలమైనది. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ఆరంభమైనది మొదలు ఈ వయస్సు పిల్లలు అంగన్‌వాడీలలో కూడుచున్నారు. కొన్ని బడులను అంటి శిశుతరగతులును కలవు. నిజాంపట్నమువంటి యూరిలో గోడ యలంకారము ఆ పిల్లలచేత నెట్లు చేయింపవచ్చునో, అందు పెద్దలు ఎంతవరకు చేయిపెట్టవలెనో యీ వ్యాసమున తెలుప నెంచితిమి.

శీతకాలపు గోడ యనగానే పలుచోట్ల దూదితో మంచును, నెత్తిన టోపీగల మంచుబొమ్మను, బజారున కొన్న తెల్లగడ్డపు తాతను అంటించుట మేము చూచుచున్నాము. అందు పాపమేమియు లేదు. కాని ఆ దూదిని చూపి “ఇది మంచు” అని చెప్పినపుడు బిడ్డ యేమి గ్రహించును? మన భాషలో మంచు అను నొక్క మాటయే హిమమునకును, పొగమంచునకును, ఆకుపై నిలిచిన నీటిబొట్టునకును చెల్లుచున్నది. వేకువను రేవులోని పడవలను కనబడనీయక కప్పివేయునది ఈ యూరి బిడ్డ యెరిగిన మంచు. ఆ మంచునుండియే పాఠ మారంభింపవలెను.

మొదటి దినమున కాగితము ముట్టకుడు. పిల్లలను చుట్టు కూర్చుండబెట్టి, “ప్రొద్దున లేవగానే ఏమి చూచితిరి? ఏమి వాసన వచ్చినది? చేతులు ఎక్కడ కాచుకొంటిరి?” అని యడుగుడు. చలిమంట, వరికుప్ప, చేమంతిపూవు, రేగుపండు, గుమ్మడిపూవు, గొబ్బెమ్మ, యింటి చూరున వ్రేలాడు నక్షత్రము, ఎండబెట్టిన చేప అని ఒకరి వెంట నొకరు చెప్పుదురు. ఆ మాటలన్నియు వ్రాసియుంచుకొనుడు. గోడ మీదికి ఎక్కవలసినవి అవియే. ఉపాధ్యాయులు మాసపత్రికలు తిరుగవేసి చిత్రములు వెదకుట ఆ తరువాత నవసరముండదు.

ఇక గోడ సంగతి. వెల్లవేసిన గోడకు జిగురు నిలువదు. ఆరినపుడు కాగితము సున్నపు పొరతోకూడ ఊడి క్రిందపడును. చాప గాని గోనెపట్ట గాని వ్రేలాడదీసి దానిపై అంటించుట మేలు. మా యభిప్రాయమున ఈ యూరికి అన్నిటికన్న తగినది పాతవల. వేటకు పోవువారి యిండ్ల పెరటిలో పనికిరాని వలముక్కలు ఉండకమానవు. మూడు గజముల ముక్కను ఉప్పు పోవునట్లు మంచినీట ఉతికి, ఎండలో ఆరవేసి, రెండు సరుగుడు బద్దల నడుమ బిగించి గోడకు కొట్టవలెను. దారము ముతకదై యుండవలెను. సన్నని నైలాను పోగు లేతవ్రేళ్లను కోయును. నాలుగు ప్రక్కల బిగువుగ కట్టవలెనే గాని ఎక్కడను వదులుగ వ్రేలాడనీయరాదు, బిడ్డ తల దూర్చుకొను నపాయము కలదు. అడుగు అంచు నేలకు ఒకటిన్నర అడుగుల యెత్తునను, పై అంచు మూడున్నర అడుగులకు మించకయు నుండవలెను. మూడేండ్ల బిడ్డ సుమారు మూడడుగుల పొడవుండును గదా! తన చేతి కందని యలంకారము వానిది కాదు.

ఈ వల కన్నులలో మూడేండ్ల బిడ్డ సరుగుడు రెమ్మను, బంతిపూవు కాడను తానే దూర్చగలడు. వాడినవానిని మరునాటి యుదయమున తీసి క్రొత్తవి పెట్టుటయు వాని పనియే. ఈ వయస్సున కత్తెర యీయరాదు. పాతకాగితములను చింపుటయే చాలును. చింపుట బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని గొప్ప సాధకము, పిమ్మట పలక బలపము పట్టుటకు తోడ్పడును. చింపిన ముక్కలను చేప ఆకారముగల అట్టపై అంటించిన అవి పొలుసులగును. నాలుగేండ్లవారు అంగుళము వెడల్పును ఆరంగుళముల పొడవునుగల పట్టీలతో గొలుసు చేయుదురు. ఐదేండ్లవారికి మొనలేని కత్తెర నీయవచ్చును; పట్టీల నల్లికయు వారికి లొంగును. జర్మనీ దేశమున 1837లో ఫ్రోబెలు పండితుడు స్థాపించిన శిశువిద్యాలయమునుండి లోకమంతటను వ్యాపించిన పనులలో ఈ కాగితపు అల్లిక యొకటి. శిక్షణ పాఠశాలలో దీనిని మేము క్రొత్త విద్యగా నేర్చితిమి గాని, తాటాకు చాప నల్లు అవ్వకు ఇది చూపిన నవ్వును. ఆ అవ్వను ఒకపూట బడికి పిలుచుట మంచిది.

జిగురునకు మైదాపిండి ఒక పాలు, నీరు ఐదారు పాళ్లు చేర్చి, ఉండ కట్టకుండ కలియబెట్టుచు కాచుకొనవలెను. ఏ దినమున కాదినమే చేయుట మేలు. పుస్తకములు కుట్టువారు పురుగు పట్టకుండుటకై యిందు మైలుతుత్తము కలుపుదురు; అది విషము, శిశువుల జిగురులో కలుపనే కూడదు.

రంగుల విషయమున ఈ యూరు పేదది కాదు. 1611లో ‘గ్లోబు’ అను ఇంగ్లీషు ఓడ, వారు పెట్టపోలియని పిలిచిన యీ రేవునకు వచ్చినది బట్టల బేరమునకే. మన పనికి ఎర్రమట్టి, పసుపు, పొయ్యి బొగ్గు, బచ్చలిపండ్ల రసము చాలును. ఎర్రమట్టి పూసిన అట్టపై వరిపిండి నీటిలో ముంచిన వ్రేలితో చుక్కలు పెట్టించుడు. చుక్కలు వరుస తప్పినను దిద్దకుడు.

నక్షత్రమును పై తరగతుల విద్యార్థులు శిశువులతో కలిసి చేయవలెనని మా కోరిక. అడుగు పొడవుగల ఐదు కొబ్బరి ఈనెలను ఒకదానిపై నొకటి వచ్చునట్లు పేర్చి, ఐదు కొనలయందు దారముతో కట్టిన నక్షత్రమగును. అన్నియు సమముగ కుదిరిన ఒక్కొక్క కొన యందలి కోణము 36 డిగ్రీలుండును. ఈనె మొనలకు కాగితము చుట్టి మొద్దుచేయుడు. పెద్దవారు కట్టుచుండగా శిశువులు పట్టుకొందురు, పిమ్మట గాలిపటపు కాగితము వారే అంటింతురు. జర్మనీ దేశపు నీస్కీ పట్టణమున మొరేవియను సంఘమువారి పాఠశాలలో 1830 ప్రాంతముల బాలురకు రేఖాగణితము నేర్పుటకై చేయించిన కాగితపు నక్షత్రమే, తరువాత అనేక దేశములలో క్రిస్మసు ఇండ్లయందు వ్రేలాడుచున్నది. అదియు బడిపిల్లల చేతిపనియే యని మన విద్యార్థులు తెలిసికొనవలెను.

క్రిస్మసు గడవగానే వలను దింపివేయనక్కరలేదు. నక్షత్రముల నడుమనే గాలిపటము, గంగిరెద్దు, గొబ్బెమ్మ, వరికంకి చేరునుగాక. క్రైస్తవులు, హిందువులు, మహమ్మదీయులు అందరి బిడ్డలును ఒక్క చాపమీద కూర్చుండు బడిలో గోడయు అట్లే యుండుట న్యాయము. ఒక్క వస్తువును మాత్రము దగ్గరకు రానీయకుడు: గురివిందగింజ. ఎరుపు నలుపులతో నది కంటి కెంత యింపుగ నున్నను, నమలి మ్రింగిన ప్రాణము తీయగలదు. పూసలు, చిన్న గవ్వలు, గుండుసూదులు కూడ మూడేండ్లవారి చేతి కీయరాదు. ఆ వయస్సున చేతికి వచ్చినది నోటికి పోవును.

అన్నిటికన్న కష్టమైన సంగతి పెద్దల చేతులను ఆపుకొనుట. పరిశీలనాధికారి వచ్చునని గాని, తల్లిదండ్రులు చూతురని గాని, సాయంత్రము పిల్లలు వెళ్లిన తరువాత వంకర చేపలను తీసివేసి తాము చేసిన చక్కని చేపలను పెట్టు శిశుశాల నొకదానిని మే మెరుగుదుము. మరునాడు బిడ్డ వచ్చి తన చేపకై వెదకును. రెండుమూడు మారులు వెదకి, మానును. ఆ పిమ్మట ఐదేండ్ల బాలిక కాగితమును మన చేతికిచ్చి, “టీచరుగారూ, నాకు రాదండీ, మీరే చెయ్యండి” అనును. ఆ మాట బిడ్డ పుట్టుకతో తెచ్చుకొన్నది కాదు. తల్లిదండ్రులకును మా మనవి ఇదియే: గోడ చూచుటకు వచ్చినపుడు “ఏది బాగున్నది?” అని వెదకక, “నీది ఏది?” అని మీ బిడ్డ నడుగుడు. తల లేని చేప నైనను చూపనిండు. తల ఏమైనదో ఆ బిడ్డయే చెప్పును, ఆ సమాధానము తరచుగా మిక్కిలి రమ్యముగ నుండును.

సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరచిన దినమున వలను దింపి, ఎవరి పని వారి కిచ్చి ఇంటికి పంపవలెను. వెనుకవైపున పేరు లేనియెడల ఇది సాధ్యము కాదు గనుక, జిగురు పూయకముందే పేరు వ్రాయుడు. వలను ఉతికి, ఎలుక చేరని చోట మడిచిపెట్టిన మరుసటి డిసెంబరునకు పనికివచ్చును.