సందేహాలు - సమాధానాలు: ‘లెట్ గో’ అంటే తీసేసినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. మొన్న ఫోన్ చేసి, ‘కంపెనీలో రైట్‌సైజింగ్ నాన్నా, నన్ను లెట్ గో చేశారు, సెపరేషన్ కాగితాలు పంపారు’ అన్నాడు. ఉద్యోగం పోయినట్టేనా? ఆ మాట సూటిగా చెప్పరేమండీ?
– ఒక తండ్రి, ముక్తేశ్వరం

జవాబు: పోయినట్టేనండీ. రైట్‌సైజింగ్, రీస్ట్రక్చరింగ్, రిలీజ్ అన్నీ ఒకటే. 2025 జులైలో టీసీఎస్ సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తున్నప్పుడు చెప్పిన మాట కూడా ‘అసోసియేట్లను రిలీజ్ చేస్తున్నాం’ అనే. ఇలాంటి మాటల్లో తీసేసిందెవరో, ఎందుకు తీసేశారో కనిపించదు. అందుకే వాటిని వాడతారు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

మీరు చూడాల్సింది ఆ సెపరేషన్ కాగితం. అందులో ‘మ్యూచువల్’ అనో, ‘వాలంటరీ’ అనో ఉంటే, తన ఇష్టంతోనే మానేస్తున్నానని మీవాడు ఒప్పుకున్నట్టవుతుంది. కంపెనీయే తీసేస్తే చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ఏడాది నిండిన కార్మికుడికి నెల ముందు నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి. పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం కూడా ఇవ్వాలి. నాలుగేళ్లకు అది రెండు నెలల జీతం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ హక్కు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. మేనేజర్లకు వర్తించదు. అయితే హోదా పేరొక్కటే చూడరు, రోజూ చేసే పనేమిటో చూస్తారు. రాజీనామా రాసిచ్చాక మాత్రం ఇదంతా అడగడం చాలా కష్టం. ‘మీరే రిజైన్ చేస్తే రికార్డు బాగుంటుంది’ అని ఎంత మెత్తగా చెప్పినా, లాయరుకు చూపించకుండా సంతకం పెట్టవద్దనండి. కారణమేమిటో మెయిల్‌లో అడగమనండి. ఆఫీసు మెయిల్ ఆగిపోకముందే పే స్లిప్పులు, ఆఫర్ లెటరు దాచుకోమనండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మా కోడలిని లేఆఫ్ చేశారు. కొన్నాళ్లకు మళ్లీ పిలుస్తారా?
– ఒక అత్తగారు, ఐనవిల్లి

జవాబు: మన చట్టంలో లేఆఫ్ అంటే పని చూపించలేక తాత్కాలికంగా ఆపడం, పేరు మస్టర్ రోలులోనే ఉంటుంది. అమెరికా ఐటీ కంపెనీల్లో మాత్రం సాధారణంగా ఉద్యోగం తీసేసినట్టే. హెచ్-1బీ వీసా అయితే గరిష్ఠంగా 60 రోజుల గడువుంటుంది, అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే అక్కడితో సరి. సాధారణంగా జీతం ఇచ్చిన చివరి రోజు నుంచి లెక్కేస్తారు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా హోదా మార్పుకు దరఖాస్తు చేయాలి. పిలుపు కోసం ఎదురు చూడకుండా, ఇమ్మిగ్రేషన్ లాయరును వెంటనే కలవమని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండమ్మా.