కరెంటు పెట్టించుకున్నవారిని ముట్టుకోవచ్చా?

క్యాన్సర్‌కు "కరెంటు పెట్టించుకున్న" తల్లి దగ్గరికి పిల్లలను పోనివ్వని కుటుంబాలను మేము చూస్తున్నాము. ఆ భయం అక్కరలేదు. కోబాల్ట్ యంత్రంలో పనిచేసేది కరెంటు కాదు, కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక మూలకం నుండి వచ్చే గామా కిరణాలు. ఆల్ఫా కిరణాలను కాగితం, బీటా కిరణాలను అల్యూమినియం రేకు ఆపుతాయి. గామా కిరణాలకు మాత్రం మందపాటి సీసం, కాంక్రీటు గోడలు కావాలి. యంత్రం మూసుకున్నాక రోగి ఒంట్లో కిరణాలేవీ మిగలవు. బిడ్డను ఎత్తుకోవచ్చు, కలిసి భోంచేయవచ్చు.

థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 మింగినవారి సంగతి వేరు. ఆ మందు ఒంట్లో ఉన్నన్నాళ్లు కిరణాలు వెలువడతాయి. దాని శక్తి సుమారు 8 రోజులకు సగమవుతుంది, మూత్రంలో కూడా బయటకు పోతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులు పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. గడువు తీరాక ఆ దూరం కూడా అక్కరలేదు.

కుష్ఠరోగిని చేయి చాపి ముట్టిన ప్రభువును నమ్మినవారము మనము. తెలియని భయంతో మనవారిని వెలివేయవద్దు.