మంచులో చిక్కుకుపోతే...
(పెద్ద పిల్లల తరగతి పాఠం)



పెద్ద పిల్లల తరగతిలో మేము చెప్పిన పాఠాల్లో ఒకదాన్ని ఈ సంచిక కోసం మళ్ళీ రాస్తున్నాము. ఇది పద్యమూ కాదు, వ్యాకరణమూ కాదు. చలికాలంలో ప్రయాణం చేస్తూ దారి మధ్యలో చిక్కుకుపోతే ఏం చెయ్యాలన్న పాఠం. "తెలుగు బడిలో ఇదేం పాఠమండీ?" అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. డిసెంబరు, జనవరి నెలల్లో మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు ప్రయాణంలో ఉంటూనే ఉంటారు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో ఆ సమయంలో విషయం తెలుగులో విడమరిచి చెప్పవలసింది పిల్లలైన మీరే. అందుకని మాటలతోనే మొదలుపెడదాం.

మన భాషలో 'మంచు' అనే మాట చాలా బరువు మోస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునేది మంచు. గడ్డి మీద మెరిసే బొట్టు మంచు. హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఫ్రిజ్‌లో ఉండే ఐసు ముక్క కూడా మంచుగడ్డే! లంబసింగి లాంటి మన్యం ఊళ్ళల్లో చలికాలం రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పోతుంది గానీ, మనలో ఎక్కువమందికి చిన్నప్పటి నుంచీ తెలిసిన మంచు, ఎండెక్కితే విడిపోయేదే. అందుకే తాతయ్య "మంచే కదా, తొమ్మిదింటికల్లా పోతుంది, బయల్దేరదాం పదండి" అంటారు. ఆయనెరిగిన మంచు అటువంటిది మరి.

ఇక్కడి మంచు నాలుగైదు రకాలు. దూదిపింజల్లా రాలేది స్నో. పైన కరిగిన మంచు, కిందికి వస్తూ చల్లటి గాలి పొరలో మళ్ళీ గడ్డకట్టి, సన్నటి పలుకుల్లా టపటపమని పడితే అది స్లీట్. ఆ చల్లటి పొర పలచగా ఉంటే గడ్డకట్టేందుకు వ్యవధి చాలక నీళ్ళుగానే పడి, నేలను తాకగానే అద్దంలా బిగుసుకుంటుంది. అది ఫ్రీజింగ్ రెయిన్, అంటే గడ్డకట్టే వాన. చూడటానికి మామూలు వానలాగే ఉంటుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. ఇక బ్లాక్ ఐస్ నల్లగా ఉండదు. పలచని ఐసు పొర లోంచి కింద తారురోడ్డు కనబడుతుంది కాబట్టి రోడ్డు తడిగా ఉందనుకుంటాం. మా తరగతి పిల్లలు దీనికి 'దొంగమంచు' అని పేరు పెట్టారు. మాకు చాలా నచ్చింది! వంతెనల మీద ఈ దొంగమంచు ముందుగా పడుతుంది. ఎందుకంటే అక్కడ చల్లగాలి పైనుంచే కాదు, కిందనుంచి కూడా తగులుతుంది.

వాతావరణ శాఖ వారి రెండు మాటలు కూడా తెలిసి ఉండాలి. 'వాచ్' అంటే తుఫాను రావచ్చు, సిద్ధంగా ఉండండి అని. 'వార్నింగ్' అంటే వస్తోంది, లేదా వచ్చేసింది అని. బందరు, విశాఖ వైపు వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ రేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే ఒకలాగా, పదో నంబరు ఎగరేస్తే మరొకలాగా జనం కదులుతారు కదా! 'బ్లిజార్డ్' అంటే ఊరికే పెద్ద మంచు అని కాదు. గంటకు 35 మైళ్ళు, అంతకు మించిన గాలి, పావు మైలు దూరం కూడా కనబడనంత మంచు, ఈ రెండూ కనీసం మూడు గంటలపాటు ఉంటేనే ఆ పేరు.

ఇప్పుడు మన వర్జీనియాలో జరిగిన సంగతి చెప్పుకుందాం. 2022 జనవరి 3, సోమవారం. ముందురోజు స్వెటరు అక్కర్లేనంత వెచ్చగా ఉంది. సెలవులు ముగించుకుని అందరూ ఇళ్ళకు తిరిగి వస్తున్నారు. ముందు వాన పడి, తరువాత అది మంచుగా మారింది. వాన కొట్టుకుపోతుందని రోడ్డు మీద ముందుగా ఉప్పునీళ్ళు చల్లలేదు. మంచు మొదలయ్యాక గంటకు రెండు అంగుళాల దాకా పడటంతో, తీసే బళ్ళు అందుకోలేకపోయాయి. పెద్ద పెద్ద లారీలు జారి అడ్డం తిరిగాయి. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఐ-95 రహదారి రెండు వైపులా ఆగిపోయింది. సుమారు 48 మైళ్ళ మేర దారి మూసేశారు. వందలాది బళ్ళు రాత్రంతా గడ్డకట్టే చలిలో అక్కడే ఉండిపోయాయి. మన సెనేటరు టిమ్ కేన్ గారు రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కు రెండు గంటల ప్రయాణమని బయల్దేరి, 27 గంటలకు చేరారు!

ఇంత జరిగినా అక్కడ ప్రాణనష్టం జరగలేదు. కారణం ఏమిటంటే, ఎక్కువమంది బండి వదలకుండా కూర్చున్నారు. ఉన్నది పంచుకున్నారు. ఫ్లోరిడా నుంచి తిరిగి వెళుతున్న ఒక కుటుంబం బళ్ళ మధ్య నడుస్తూ నారింజపళ్ళు పంచింది. సెనేటరు గారికీ ఒకటి దక్కింది. బ్రెడ్డు తీసుకుపోతున్న లారీ ఒకటి ఆగిపోయి ఉంటే, వెనక కారులోని దంపతులు ఆ కంపెనీకి ఫోను చేశారు. యజమాని ఒప్పుకుని, లారీ తలుపులు తీయించి బ్రెడ్డు పంచిపెట్టించారు. అడిగితే పోయేదేముందని ఫోను చేసిన ఆ దంపతులను మేము బాగా మెచ్చుకుంటాము. మనవాళ్ళకు ఇలా అడగడానికి మొహమాటం ఎక్కువ.

అదే ఏడాది డిసెంబరులో బఫెలోలో కథ వేరుగా నడిచింది. బ్లిజార్డ్ ముప్పై గంటలు దాటి సాగింది. అంబులెన్సులు కూడా కదలలేకపోయాయి. ఆ ప్రాంతంలో నలభైమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో కార్లలో చిక్కుకుపోయినవాళ్ళున్నారు, బయట మంచులో పడిపోయినవాళ్ళున్నారు. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడని తెల్లదనంలో నూరు అడుగులు నడిచినా దిక్కు తెలియదు. కాబట్టి సాయం కళ్ళెదుట కనబడుతుంటే తప్ప బండి దిగి నడవకూడదు. వెతికేవాళ్ళకు మనిషి కన్నా కారు తొందరగా కనబడుతుంది. ఫోను అందితే 911కి చెప్పి, అద్దానికో యాంటెన్నాకో ఎర్రగుడ్డ కట్టాలి.

కారులో కూర్చున్నా ఒక గండం ఉంది. వెనక పొగగొట్టం మంచుతో మూసుకుపోతే ఇంజను పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, నిద్ర, అంతే. అందుకని ఇంజను వేసే ముందు ప్రతిసారీ దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీయాలి. గంటకు పది నిముషాలు మాత్రమే ఇంజను నడపాలి. గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించాలి. కరెంటు కార్లకు ఈ పొగ భయం లేదు గానీ, బ్యాటరీ ఎంతుందో చూసుకుంటూ హీటరు వాడాలి. దాహమేస్తే మంచు అలాగే తినకూడదు, ఒళ్ళు ఇంకా చల్లబడిపోతుంది. కరిగించి తాగాలి.

డిక్కీలో ఏం పెట్టుకోవాలన్న జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. మా సలహా కొంచెమే. పెట్రోలు సగానికి తగ్గనివ్వకండి. మనిషికొక దుప్పటి, చిన్న పార, టార్చిలైటు, ఫోను ఛార్జరు, నీళ్ళు ఉంచండి. తినడానికి వేయించిన అటుకులు, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు చలికి పాడవవు. పులిహోర బయల్దేరిన పూట బాగుంటుంది గానీ రాత్రికి గడ్డకట్టిన పులిహోర తినడం కష్టం!

విమానాశ్రయంలో చిక్కుకుంటే చలి ఉండదు, అయోమయమే. మన బడి కుటుంబాల్లో ఒకరి నాన్నమ్మగారు ఒంటరిగా వస్తుంటే, మంచువల్ల విమానం మరో ఊళ్ళో దిగి రాత్రంతా అక్కడే ఉండిపోవలసి వచ్చింది. షుగరు మాత్రలు చెకిన్ పెట్టెలో ఉండిపోయాయి. పక్కసీటులోని ఒక గుజరాతీ ఆవిడ తోడుగా ఉండి, ఫోను ఇచ్చి, డెస్కులో చెప్పి గండం గట్టెక్కించింది. అందుకని పెద్దవాళ్ళు ఒంటరిగా వచ్చేటప్పుడు మందులు, పాస్‌పోర్టు, ఒక శాలువా చేతిసంచిలోనే ఉండాలి. వాతావరణం వల్ల విమానం రద్దయితే హోటలు గది ఇవ్వవలసిన బాధ్యత సాధారణంగా విమాన సంస్థకు ఉండదు. కానీ వేరే విమానం వద్దనుకుంటే టికెట్టు డబ్బు వాపసు అడిగే హక్కు మనకుంది. "మనకు తెలిసినవాళ్ళెవరూ లేరు" అని తాతయ్యలు మూల కూర్చుంటారు. కూర్చోకుండా ముందుగా డెస్కు దగ్గర వరసలో నిలబడమని, అక్కడ చూపించడానికి ఒక చీటీ ఉందని వాళ్ళకు బయల్దేరే ముందే చెప్పి ఉంచాలి.

ఆ చీటీ రాయడమే మీ అభ్యాసం. ఒక అట్టముక్కకు ఒక వైపు ఇంగ్లీషులో, వీరు తెలుగు మాట్లాడతారు, ఎక్కడికి వెళ్ళాలి, ఎవరికి ఫోను చెయ్యాలి, ఏ మందులు వాడతారు అన్న నాలుగు వాక్యాలు రాయండి. రెండో వైపు పెద్ద అక్షరాలతో అవే వాక్యాలు తెలుగులో రాయండి, తాతయ్య తనే చదువుకునేట్టుగా. రెండో పని, ఆదివారం ఊరికి ఫోను చేసినప్పుడు అమ్మమ్మకు దొంగమంచు అంటే ఏమిటో ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా చెప్పండి. ఆవిడకు అర్థమయిందో లేదో తెలియాలంటే, తిరిగి మీకు చెప్పమని అడగండి. ఏం చెప్పారో రాసుకుని వచ్చే వారం తరగతికి తీసుకురండి.