మా నల్ల ల్యాప్‌టాప్ – కొంత పాఠం, కొంత జ్ఞాపకం



పోయిన సంచికలో సైకిల్ గురించిన వ్యాసం చదివినాక తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను పట్టుకొని, "అక్కా, నీ దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉండె కదా, దాని సంగతి రాయి" అన్నారు. అది ఇప్పుడు నా దగ్గర లేదు. అయినా దాని లోపలి ప్రతి ముక్కా నాకు జ్ఞాపకమే. కంప్యూటర్ పీరియడ్‌లో మనం డబ్బాలు గీసి, సీపీయూ, ర్యామ్, హార్డ్ డిస్క్ అని రాసి బాణం గుర్తులు పెడతాము. పరీక్షలో నాలుగు మార్కులు వస్తాయి. కాని ఆ డబ్బాలు నిజంగా ఎట్లా ఉంటాయి, ఒకటి మారిస్తే ఏమవుతుంది అనేది బొమ్మలో కనపడదు. నాకు అది విప్పి చూస్తేనే తెలిసింది.

దాని పేరు థింక్‌ప్యాడ్ టి-60. 2006లో వచ్చిన మోడల్, అనగా నాకంటే పెద్దది. థింక్‌ప్యాడ్ అనే పేరుకు ఒక చిన్న కథ ఉన్నది. ఐబీఎం కంపెనీలో చాలా ఏళ్లుగా "థింక్" అనేది నినాదం. థింక్ అంటే ఆలోచించు. ఉద్యోగులకు ఇచ్చే జేబు పుస్తకాల మీద కూడా అదే మాట ఉండేది. 1992లో ఆ పుస్తకం పేరే కంప్యూటరుకు పెట్టారు. దాని రూపాన్ని తయారు చేసినవాడు రిచర్డ్ సాపర్ అనే జర్మనీ దేశస్థుడు. జపాన్ వాళ్లు అన్నం, కూరలు అరలు అరలుగా సర్దుకొనే బెంటో డబ్బాను మనసులో పెట్టుకొని ఆయన దీన్ని గీశాడట. మూసి ఉంటే పైకి మామూలు నల్ల డబ్బా, తెరిస్తే లోపల అన్నీ అమరికగా ఉంటాయి. కీబోర్డు నడుమ జీ, హెచ్, బీ అక్షరాల మధ్యన ఒక ఎర్రని బొడిపె ఉంటుంది. వేలితో నెట్టితే తెర మీద బాణం కదులుతుంది. అది టెడ్ సెల్కర్ అనే శాస్త్రవేత్త ఆలోచన. చేయి కీబోర్డు మీది నుంచి తీయకుండా పని జరగాలని ఆయన లెక్క. 2005లో ఐబీఎం ఈ వ్యాపారాన్ని లెనోవో కంపెనీకి అమ్మివేసింది. అయినా మా టి-60 మూత మీద ఐబీఎం అక్షరాలే ఉండేవి.

ఇది మా ఇంటికి 2020లో వచ్చింది. కరోనా వల్ల బడులు మూసి, పాఠాలు టీవీలో చెప్పిన కాలం. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పెద్ద కంప్యూటర్ల బజారు ఉన్నది. మా అన్న దాని దగ్గర ఒక రిపేరు దుకాణంలో పని చేసేవాడు. ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకున్న పాత సరుకులో ఇది ఉంటే, జీతంలో 2,800 రూపాయలు కోయించుకొని తెచ్చాడు. ఇంట్లో అమ్మ, "ఇన్ని పైసలకు రెండు మేకపిల్లలు వస్తుండె" అన్నది. అన్న మాత్రం నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, "నడిపించుడు తర్వాత. ముందుగాల ఇప్పుడు నేర్చుకో" అన్నాడు.

విప్పడానికి మాకు ధైర్యం ఇచ్చింది ఒక పుస్తకం. ఈ మోడల్‌కు హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అని ఉంటుంది. దాన్ని కంపెనీయే ఎవరైనా తీసుకోవచ్చునని బయట పెట్టింది. ఏ స్క్రూ ఎంత పొడవు, ఏది ముందు తీయాలి, ఏ భాగానికి ఏ నంబరు, అన్నీ బొమ్మలతో ఉంటాయి. మేము చార్టు మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం గీసి, తీసిన ప్రతి స్క్రూను అది ఉన్న చోటనే టేపుతో అంటించినాము. ఈ చార్టు పద్ధతి దేనికైనా పనికొస్తుంది. మిక్సీ విప్పినా, టార్చిలైటు విప్పినా ఇట్లాగే చేయండి.

ఇక పాఠంలోకి వద్దాము. మొదట దాంట్లో ర్యామ్ 512 ఎంబీ మాత్రమే ఉండేది. ర్యామ్ అంటే తాత్కాలిక జ్ఞాపకశక్తి అని మనం బట్టీ పడతాము. నేనైతే ఇట్లా చెబుతాను. మనం స్టడీ అవర్‌లో ముందర పెట్టుకునే చెక్క ర్యామ్, మంచం కింది ట్రంకు పెట్టె హార్డ్ డిస్క్. చెక్క మీద రెండు పుస్తకాలకే చోటు ఉంటే, మూడో పుస్తకం కావలసినప్పుడల్లా లేచి ఒకటి పెట్టెలో పెట్టి ఇంకొకటి తీయాలి. చదువు తక్కువ, లేచుడు కూర్చునుడు ఎక్కువ. మా ల్యాప్‌టాప్ అదే చేసేది. ఎర్ర దీపం కాదు గాని, డిస్కు తాలూకు చిన్న దీపం ఆగకుండా మిణుకుమంటూనే ఉండేది.

చెక్కను పెద్దది చేయాలని అన్న 2 జీబీ ముక్క ఒకటి, 1 జీబీ ముక్క ఒకటి తెచ్చాడు. చేతులు ఆనించే పలకను ఎత్తితే దాని కింద రెండు అరలు ఉంటాయి. ముక్కను ఏటవాలుగా దూర్చి కిందికి వంచితే టక్కుమని కూర్చుంటుంది. మరి 2, 2 కలిపి 4 జీబీ ఎందుకు వేయలేదని నేను అడిగాను. ఇక్కడే నాకు బాగా నచ్చిన లెక్క ఉన్నది. దాని మదర్‌బోర్డు మీద 945 అనే చిప్‌సెట్ ఉంటుంది. అది 32 బిట్లతోనే చిరునామా రాయగలదు. బిట్ అంటే 0 లేదా 1. అట్లాంటివి 32 పక్కపక్కన పెడితే 4,294,967,296 రకాల చిరునామాలు వస్తాయి. అదే 4 జీబీ. కాని ఆ చిరునామాలన్నీ ర్యామ్‌కే రావు. తెరకు బొమ్మ పంపే భాగానికి, వైఫైకి, ఇంకా కొన్ని పరికరాలకు సుమారు నాలుగో వంతు ముందే కేటాయించి ఉంటుంది. మన హాస్టల్ రిజిస్టర్‌లో 400 నంబర్లే ఉన్నాయనుకోండి. అందులో 100 వంటగదికి, స్టోరు రూముకు, వార్డెన్ సార్ ఆఫీసుకు పోతే, 400 మంచాలు తెచ్చి వేసినా 300 మంచాలకే నంబరు దొరుకుతుంది. మిగిలిన 100 మంచాలు ఉంటాయి, పిలవడానికి నంబరు ఉండదు. కనుక 3 జీబీ వేస్తే చాలు, నాలుగోది దండగ.

రెండవ పని డిస్కు. నా అభిప్రాయంలో పాత కంప్యూటరుకు ఇంతకు మించిన మందు లేదు. పాత హార్డ్ డిస్క్ లోపల గాజుదో లోహానిదో ఒక పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అనగా సెకనుకు 90 చుట్లు. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి వచ్చేదాక సగటున సగం చుట్టు ఆగాలి, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు. సూది ఆ గీత మీదికి జరగడానికి ఇంకో పన్నెండు. మొత్తం పదిహేడు, పద్దెనిమిది. మనకు ఇది కన్ను రెప్పపాటు కన్నా తక్కువే. కాని కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు వెతకాలి. వెయ్యి వెతుకులాటలంటే పదిహేడు సెకన్లు వెతుకుడుకే పోయె.

ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెమే లేదు, అంతా చిప్పులే. వెతకడానికి ఒక మిల్లీసెకనులో పదో వంతు చాలు. అన్న 120 జీబీది తెచ్చి, పక్కన ఒక్క స్క్రూ తీసి పాతది లాగి కొత్తది పెట్టాడు. నిజానికి టి-60లో ఉన్న సాటా దారి మొదటి తరానిది, సెకనుకు 150 ఎంబీకి మించి పోనివ్వదు. కొత్త ఎస్ఎస్‌డీ దానికి మూడింతలు పోయగలదు. అయినా ల్యాప్‌టాప్ లేచే సమయం మూడు నిమిషాల నుంచి నలభై సెకన్లకు దిగింది. నేను గోడ గడియారం చూసి రాసుకున్నాను. దీన్నిబట్టి తెలిసేదేమంటే, ఆలస్యం పోయడంలో లేదు, వెతకడంలో ఉన్నది. మెస్‌లో కూడా చూడండి, అన్నం వడ్డించడానికి కాదు గదా మనకు టైము పట్టేది, లైన్లో నిలబడడానికి.

ఇంతదాకా విప్పింది పైపైనే. 2023లో ప్రాసెసర్‌ను మార్చినాము. ఈ రోజుల్లో చాలా పలుచని ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌ను బోర్డుకు అతికించి ఉంచుతారు, ర్యామ్ కూడా అట్లాగే. టి-60లో మాత్రం ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుంటుంది. ఒక మరను సగం తిప్పితే వదులవుతుంది. ముందున్నది కోర్ డుయో, 32 బిట్లది. దాని చోట కోర్ 2 డుయో టి-7200 పెట్టినాము. ఇది 64 బిట్లది, 2 గిగాహెర్ట్జ్ వేగం, లోపల 4 ఎంబీ క్యాష్. ముందే బయోస్‌ను కొత్త కూర్పుకు మార్చుకోవాలి, లేకుంటే బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తు పట్టదు. మూలన ఉన్న త్రికోణం గుర్తు చూసి సాకెట్‌లో దించాలి. పైన బఠాణీ గింజంత పేస్టు పెట్టి రాగి గొట్టాన్ని బిగించాలి. ఆ ఫ్యానులో ఎంత దుమ్ము వచ్చిందో! పత్తి ఏరినప్పుడు బట్టలకు పట్టే నూగులా ముద్దగా ఉండె.

మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు మార్చినాము అంటే, అసలు సంగతి అక్షరాలది.

మా మేనమామది గుంజాల వైపు. నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో మన గోండి భాష సొంత లిపిలో రాసిన పాత ప్రతులు ఉన్నాయని మీలో కొందరికి తెలుసు. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు వాటి గురించి లోకానికి తెలియజేసిన వారిలో ముఖ్యులు. ఆ లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ప్రతి అక్షరానికి ఒక నంబరు ఇచ్చే పెద్ద హాజరు పట్టీ. తెలుగు 1991లో మొదటి కూర్పులోనే ఎక్కింది. మన గుంజాల గోండి అక్షరాలు, గుర్తులు, అంకెలు కలిపి 63 ఎక్కడానికి ఇంకో ఇరవై ఏడేళ్లు పట్టింది.

మామ దగ్గర అచ్చు వాచకం ఉండె. దాన్ని చూసి అక్షరాలు దిద్దుకున్నాను. కాని ల్యాప్‌టాప్‌లో గోండి ఫైలు తెరిస్తే వరుసగా ఖాళీ డబ్బాలు కనపడేవి. ఎందుకంటే దాంట్లో ఉన్నది 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ. 2018లో చేరిన అక్షరాలు దానికెట్లా తెలుస్తాయి? పైగా 2014లోనే ఎక్స్‌పీకి మరమ్మతులు ఆగిపోయినాయి. కొత్త లినక్స్ సిస్టం వేద్దామంటే చాలా రకాలు 32 బిట్ యంత్రాలను వదిలేసినాయి. పాత యంత్రాలకు చివరిదాక ఆసరాగా ఉన్న డెబియన్ కూడా ఆ తర్వాత 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పులో 32 బిట్ ఇన్‌స్టలేషన్ ఆపివేసింది. అందుకని 64 బిట్ ప్రాసెసర్, దాని మీద కొత్త లినక్స్, దాని మీద నోటో గుంజాల గోండి అనే ఉచిత ఫాంటు. ఇన్ని మెట్లు ఎక్కినాక ఆ ఖాళీ డబ్బాల చోట అక్షరాలు వచ్చినాయి.

కీబోర్డు మీద ఆ అక్షరాలు లేవు కనుక క్యారెక్టర్ మ్యాప్ తెరిచి ఒక్కొక్కటే ఏరుకొని మా అవ్వ పేరు కూర్చినాను. దాన్ని తెర నిండా పెద్దది చేసి అవ్వకు చూపించాను. అవ్వకు ఏ లిపీ చదవరాదు. "ఇది నా పేరేనా?" అని రెండుసార్లు అడిగి, తెర మీద చేయి పెట్టి చూసింది. తర్వాత తన తల్లి పేరు, తల్లి తల్లి పేరు చెప్పి అవి కూడా రాయమన్నది. అట్లా పదకొండు పేర్లు అయినాయి. తర్వాత పేర్లు ఆమెకే గుర్తుకు రాలేదు.

మిగతా మార్పులు చిన్నవి. బ్యాటరీ పది నిమిషాలకే పడుకునేది, కొత్తది వేసినాము. దాని లోపల ఆరు సెల్స్ ఉంటాయి, మూడు వరుసగా, అట్లాంటివి రెండు జతలు. బ్యాటరీ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి, లిథియం సెల్స్ మంటుకుంటాయి. తెర వెనుక సన్నని ట్యూబులైటు లాంటి దీపం ఉండేది. పాతబడి కొంచెం ఎర్రగా వెలిగేది, దాన్ని అట్లాగే వదిలేసినాము. మూత పైన ఉన్న చిన్న దీపం నాకు ఇష్టం. రెండు మీటలు కలిపి నొక్కితే కీబోర్డు మీద వెలుతురు పడుతుంది. కరెంటు పోయిన రాత్రులు ఆ వెలుతురులో నోట్సు రాసుకున్నాను.

ఈ మోడళ్ల మీద ప్రేమ ఉన్నది నాకొక్కదానికే కాదు. 2017లో థింక్‌ప్యాడ్‌కు ఇరవై అయిదేళ్లు నిండినప్పుడు కంపెనీయే పాత తరహా ఏడు వరుసల కీబోర్డుతో ఒక ప్రత్యేక మోడల్ తీసింది. చైనాలో కొందరు అభిరుచి గలవారు పాత డొక్కుల్లో పట్టేటట్టు కొత్త మదర్‌బోర్డులు చేయించుకుంటున్నారు. న్యాయంగా చెప్పాలంటే కొత్త ల్యాప్‌టాప్‌లు తేలిక, ఛార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుంది. మాది రెండు కిలోలకు పైనే ఉండేది, బస్సులో ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలేవి. అయినా మూత తీయరాని యంత్రం నాకు నచ్చదు.

పోయిన ఎండాకాలం పత్తి విత్తనాలకు డబ్బులు సరిపోలేదు. అమ్ముదామని నేనే అన్నాను. ఆదిలాబాద్‌లో డిగ్రీ చదివే ఒకతను 5,000 రూపాయలకు తీసుకున్నాడు. ఇచ్చే ముందు పదకొండు పేర్ల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. స్క్రూల చార్టును మాత్రం అతనికే ఇచ్చివేసినాము. అది లేకుండా విప్పడం కష్టం.

స్టోరు రూములో రెండు పాత కంప్యూటర్లు గోనెసంచుల వెనుక ఉన్నాయని అందరికీ తెలుసు. వార్డెన్ సార్లు అనుమతి ఇస్తే ఒక ఆదివారం వాటిని చార్టు వేసి విప్పుదాము. అంతవరకు ఈ రెండు లెక్కలు చేయండి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కులో సగం చుట్టుకు ఎన్ని మిల్లీసెకన్లు? 10.8 వోల్టులు, 5.2 ఆంపియర్-గంటల బ్యాటరీ, 20 వాట్లు తాగే ల్యాప్‌టాప్‌ను ఎన్ని గంటలు నడుపుతుంది? జవాబులు పేరు, తరగతి రాసి శనివారం లోపల గోడపత్రిక డబ్బాలో వేయగలరు.