చెంచాకి నీలం, ఫోర్కుకి ఎరుపు

ఈసారి మీతో ఒక నర్సమ్మాయి సంగతి చెప్పుకోవాలి. నేను ఇంటి దగ్గర జర్మన్ పాఠాలు చెబుతుంటాను, ఆ అమ్మాయి నైట్ డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చేది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి దాకా భాష రావాలి. ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు మెట్లలో అది నాలుగోది. రెండు నెలలపాటు నేను బోర్డు మీద వ్యాకరణం పట్టికలు రాశాను, తను నోట్సు నింపింది. ఒకరోజు పుస్తకం మూసేసి, "అక్కా, చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. మాట్లాడబోతే నోరు పెగలడం లేదు" అంది. కళ్ళనిండా నీళ్ళు. ఆ పిల్ల కష్టంలో లోపం లేదు. నేను చెప్పే తీరులోనే ఉంది.

ఆ పొద్దున బోర్డు జోలికి పోకుండా తనని వంటింట్లోకి తీసుకెళ్ళాను. జర్మన్‌లో వస్తువులన్నిటికీ లింగం ఉంటుంది. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, చాకు నపుంసకలింగం. డేర్ ల్యోఫెల్, డీ గాబెల్, డాస్ మెసర్. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణమేమీ ఉండదు. అందుకని రంగులు పెట్టుకున్నాం. డేర్‌కి నీలం, డీకి ఎరుపు, డాస్‌కి ఆకుపచ్చ. ఫ్రిజ్‌కి నీలం చీటీ, తలుపుకి ఎరుపు, కిటికీకి ఆకుపచ్చ అంటించాం. వారం తిరిగేసరికి చీటీ చూడకుండానే రంగు గుర్తొస్తోంది, రంగుతో పాటే మాటా వస్తోంది.

అమ్మాయిని జర్మన్‌లో డాస్ మేట్షెన్ అంటారు. "అదేంటక్కా, ఆడపిల్ల నపుంసకమా?" అని చిన్నబుచ్చుకుంది. "మరి మన భాషలో? అబ్బాయి వచ్చాడు అంటాం. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అని ఆ రెంటినీ ఒకే గాట కట్టెయ్యమూ?" అన్నాను. చాలా రోజులకి ఆ పిల్ల మొహంలో నవ్వు చూశాను. మేట్షెన్ చివరనున్న షెన్ చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం. అది చేరితే ఏ మాటైనా డాస్ అయిపోతుంది.

అప్పటినుంచి తెలుగునే చేతికర్రగా పట్టుకున్నాం. 'ఎందుకంటే' అనే అర్థమిచ్చే వైల్‌తో మొదలుపెడితే జర్మన్‌లో క్రియ వాక్యం చివరికి వెళ్ళిపోతుంది. క్రియని చివర పెట్టడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు! చెయ్యి, జోడు కలిస్తే హాంట్‌షూ, అంటే గ్లవ్స్. రోగులూ ఇల్లూ కలిస్తే క్రాంకెన్‌హౌస్, అంటే ఆసుపత్రి. మన సమాసాల్లాంటివే. నర్సుకి పాతకాలం నుంచి ఉన్న పేరు క్రాంకెన్‌ష్వెస్టర్, రోగుల అక్కచెల్లెలు. "మమ్మల్నీ సిస్టరనే పిలుస్తారుగా అక్కా!" అని తనే అందుకుంది. పిల్లలకి ఏ భాష నేర్పినా తెలుగుని గుమ్మం బయట నిలబెట్టకండమ్మా.

జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960లలో ఒక పద్ధతి చెప్పారు. టీచరు ఒక పని చెప్పాలి, నేర్చుకునేవాళ్ళు దాన్ని ఒంటితో చేసి చూపించాలి. చంటిపిల్లలు అమ్మ చెప్పింది చేస్తూ చేస్తూనే కదా మాటలు పట్టేది. మేం దివాన్‌ని వార్డు మంచం చేసుకున్నాం. నేను పేషెంటుని, తను నర్సు. "ఆట్‌మెన్ జీ టీఫ్ ఐన్", గట్టిగా ఊపిరి పీల్చండి అని తనంటే నేను పీల్చాలి. తను తప్పు చెబితే నేను కదలను. అంతే, ఇంకే మందలింపూ లేదు.

నేర్చుకున్నది నిలవడానికీ ఒక దారి కావాలి. నేర్చింది ఎంత త్వరగా జారిపోతుందో 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించారు జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. దానికి విరుగుడుగా 1972లో సెబాస్టియన్ లైట్‌నర్ అట్టల పెట్టె పద్ధతి చెప్పారు. వచ్చిన మాట వెనక అరలోకి వెళుతుంది, మళ్ళీ ఆలస్యంగా చూడొచ్చు. రానిది ముందు అరకి వస్తుంది, రేపే చూడాలి. మేం దాన్ని చెప్పుల అట్టపెట్టెతో చేశాం. 2006 నుంచి ఉన్న అంకీ యాప్ ఫోన్‌లో ఈ పనే చేస్తుంది. కాకపోతే ఎవరో చేసిపెట్టిన కార్డులు దించుకోవద్దన్నాను. తన గొంతుతో, తను వాడే వస్తువుల ఫోటోలతో తనే చేసుకుంది. బస్సులో కూర్చుని జర్మన్ ప్రసార సంస్థ డాయిచ వెలె వాళ్ళ 'నీకోస్ వేక్' వీడియో పాఠాలు చూసేది. విమానాశ్రయంలో బ్యాగు పోగొట్టుకున్న నీకో కథ అది, పైసా ఖర్చు లేదు. కొత్త ఊళ్ళో దిక్కుతోచని ఆ కుర్రాడిలో తనని తను చూసుకుంది కాబోలు, ఒక్క భాగం వదల్లేదు.

అంకెల దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. జర్మన్‌లో నలభై ఏడుని ఏడూ-నలభై అంటారు, జీబెన్-ఉంట్-ఫీర్ట్సిష్. తిరగేసి వింటే 74 అయిపోతుంది. మందు మోతాదులో ఆ పొరపాటు జరిగితే ఇంకేముంది! రోజూ పది అంకెలు వాట్సాప్‌లో చదివి పంపేదాన్ని, తను విని రాసి తిరిగి పంపేది.

మీరూ ఈ వారం మూడు రంగుల చీటీలతో వంటింట్లోనే మొదలుపెట్టండి. యాప్‌లో పాయింట్లు ఎన్ని వచ్చినా సరే, రోజుకి ఒక్కసారైనా ఒక మనిషితో నోరు విప్పండి. మొన్న రాత్రి ఆ అమ్మాయి అంకెలతో పాటు అడగని వాయిస్ ఒకటి పంపింది. "వో హాబెన్ జీ ష్మెర్ట్సెన్?" నొప్పి ఎక్కడుందండీ అని. పాఠం అప్పజెప్పినట్టు లేదు. మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అడుగుతున్నట్టుంది.